సుమోలోక్ తెడ్డు

ధర ఎంత వేగంగా జారినా సరే, మనం ముందుగా చెప్పి ఉంచిన చోట యాప్ తనంతట తానే మన బేరాన్ని మూసేస్తుందనీ, ఆ గీత దాటి ఒక్క సోమ్ నాణెం కూడా పోదనీ ఆ వసంతంలో బిష్కెక్ కుర్రవాళ్ళు చాలామంది నమ్మేవారు. ఆ గీతను స్టాప్ అంటారు. మా అల్లుడు ఎర్మెక్ మాత్రం దాన్ని గోడ అనేవాడు. ఇటుకలతో కట్టిన అసలు గోడలు అతనికి ఊరి చివర నాలుగు ఉన్నాయి. వాటి మీద కప్పు లేదు.

రూబుల్ కూలిన ఏడాది అది. ఎర్మెక్ రష్యా నుంచి పాత కార్ల విడిభాగాలు తెచ్చి ఇక్కడి బజారులో అమ్మేవాడు. పొద్దున చెప్పిన ధర మధ్యాహ్నానికి చెల్లకుండా పోవడం మొదలయ్యాక ఆ వ్యాపారం ఆగిపోయింది. అంతకుముందు శరదృతువులోనే అతనూ మా అమ్మాయి చొల్పొనూ గోడలు లేపి, మంచు లోపల పడకుండా టార్పాలిన్ కప్పి, నా రెండు గదుల ఇంటికి వచ్చి చేరారు. దూలాలకూ రేకులకూ సరిపడా డబ్బు చొల్పొన్ బ్యాంకు ఖాతాలో ఉంది. ఆ ఖాతా కార్డు ఎర్మెక్ జేబులో ఉండేది. మంచు కరగగానే పైకప్పు పని మొదలుపెట్టాలని అనుకున్నాం. మంచు కరిగింది. ఎర్మెక్ వడ్రంగికి ఫోన్ చెయ్యలేదు.

చెయ్యకపోవడానికి కారణం ఒక ఆదివారం టీ తాగుతుండగా బయటపడింది. ఎర్మెక్ నన్ను ఆతా, అంటే నాన్నా, అని పిలుస్తాడు.

"ఆతా, మీరు నలభై ఏళ్ళు పిల్లలకి ఫిజిక్స్ చెప్పారు. మీకు నేను లెక్కలు చెప్పక్కర్లేదు. ఒక్కసారి ఇటు చూడండి," అంటూ ఫోన్ నా టీ గిన్నె పక్కన పెట్టాడు. తెర మీద ఎరుపూ ఆకుపచ్చా కడ్డీలు ఎగుడుదిగుడుగా నిలబడి ఉన్నాయి. "ఇది యూరో, ఇది డాలరు. బజారు ఎంత ఎగిరిపడితే మనకి అంత మంచిది. లేచిందా, మన పంట పండినట్టే. పడిందా, ఇదిగో, ఇక్కడ గోడ. దీన్ని తాకగానే బేరం మూసుకుంటుంది. పోయేది ఇంతే."

"ఇంతే అని నీకెలా తెలుసు?"

"చలికాలమంతా డెమోలో ఆడాను. ప్రతిసారీ పెట్టిన చోటే ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు."

"డెమోలో డబ్బెవరిది?"

"ఎవరిదీ కాదు. ఉత్త అంకెలు."

"మరి నువ్వు అమ్మితే అవతల కొనేదెవరు?"

ఎర్మెక్ తెర వైపు చూశాడు. "యాపే అనుకుంటా."

"అంటే చలికాలమంతా అద్దంతో కుస్తీ పట్టావన్నమాట."

చొల్పొన్ తింటున్న రొట్టె గొంతుకు అడ్డంపడి దగ్గింది. అది దగ్గు కాదని ఎర్మెక్‌కి తెలుసు.

"నవ్వు, నవ్వు," అన్నాడు భార్యతో. "రెండో అంతస్తు వేశాక పైకి ఎక్కనివ్వను." మళ్ళీ నా వైపు తిరిగాడు. "నిజం డబ్బుతో కూడా చూశాను, ఆతా. కొంచెం వేసి. అప్పుడూ ఆగింది."

"ఆ రోజు బజారు ఎలా ఉంది?"

"మామూలుగానే ఉంది."

"అలల్లేని రోజు చెరువులో తిప్పి చూసి, ఈ పడవ తుఫానుకి ఆగుతుందంటే నేను ఎక్కను. కొనేవాడూ అమ్మేవాడూ పక్కపక్కనే కూర్చున్నప్పుడు నీ గోడకి పనే లేదు. అందరూ ఒకేసారి తలుపు దగ్గరికి పరుగెత్తినప్పుడు నీ సరుకు కొనడానికి ఆ గీత మీద ఎవడైనా నిలబడి ఉంటాడా? అదీ నాకు కావాల్సిన జవాబు. అది నీకూ తెలీదు, నాకూ తెలీదు."

"తెమిర్లాన్‌కి తెలుసు."

తెమిర్లాన్ ఒకప్పుడు నా విద్యార్థి. అప్పట్లో చెప్పుల దుకాణం పైగదిలో నాలుగు తెరలు పెట్టుకుని, తానూ బేరాలాడుతూ కుర్రవాళ్ళకు నేర్పేవాడు. ఘర్షణ బలం గురించి అడిగితే ఏ రోజూ సరైన సమాధానం చెప్పలేదన్న సంగతి నేను ఎత్తలేదు.

దానికి బదులు ఒక ఒప్పందం పెట్టాను. బజారు నిజంగా అల్లకల్లోలమయ్యే రోజు ఒకటి ఎంచుకోవాలి. ఒకే బేరాన్ని, ఒకే గోడతో, చిన్న మొత్తంలో, డెమోలోనూ అసలు ఖాతాలోనూ ఒకేసారి పెట్టాలి. రెండూ గోడ దగ్గరే మూసుకుంటే నేనిక నోరెత్తను. పైగా నా చావు ఖర్చులకని పక్కన పెట్టుకున్న డబ్బు కూడా అతని చేతికే ఇస్తాను. పరలోకం మీద నాకు నమ్మకం లేదు గానీ, శవాన్ని చూడవచ్చేవాళ్ళకు తిండి మీద గట్టి నమ్మకం ఉంటుంది కాబట్టి ఆ డబ్బు దాచుకున్నాను. గోడ నిలవకపోతే పైకప్పు డబ్బు మొత్తం మర్నాడే దూలాలకు పోవాలి. పరీక్ష ముగిసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

"మీ చావు డబ్బా?" ఎర్మెక్ తడబడ్డాడు. "అంత మాటెందుకు, ఆతా?"

"నేను ఓడిపోతానని నీకంత గట్టిగా అనిపిస్తోందా?"

చెయ్యి చాపాడు. చొల్పొన్ మా ఇద్దరి చేతుల మీదా తన చెయ్యి వేసి, "నేను విన్నాను," అంది.

*

వసంతపు కొత్త సంవత్సరం నూరుజ్ దాటిన మూడో రోజు సాయంత్రం ఆరున్నరకు అమెరికా నుంచి ధరల పెరుగుదల లెక్క వెలువడాలి. అది వచ్చిన క్షణంలో బజారు ఎటో ఒకవైపు విరుచుకుపడుతుందని తెమిర్లాన్ గదిలో నెలరోజులుగా అదే మాట. ఎర్మెక్ ఆ రోజునే ఎంచుకున్నాడు. మా వీధి సుమోలోక్ కూడా ఆ రోజే పడింది.

సుమోలోక్ ఒక ఇంటి వంట కాదు. ప్రతి గడప నుంచీ గుప్పెడు గోధుమలు వస్తాయి. మొలకెత్తించి, నూరి, ఆ పాలు పిండితోనూ నూనెతోనూ కలిపి, మనిషి పడుకునేంత బాణలిలో పోసి పొయ్యి మీద పెడతారు. అడుగంటకుండా కడిగిన గులకరాళ్ళు వేస్తారు. అది బెల్లం పాకం రంగుకు తిరిగేదాకా పగలూ రాత్రీ కలుపుతూనే ఉండాలి. తెడ్డు ఒక చేతిలోంచి మరో చేతిలోకి మారాలే తప్ప ఆగకూడదు. ఎవరి చేతిలో ఉండగా మాడిందో వాళ్ళ ఇంటిపేరు మళ్ళీ నూరుజ్ దాకా వీధిలో వినిపిస్తూనే ఉంటుంది. ఇటుకబట్టీ వీధివాళ్ళ సుమోలోక్ మాడి ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ వాళ్ళను మసిమూతులనే అంటారు.

మధ్యాహ్నం భోజనమయ్యాక నేనూ ఎర్మెక్ వంటగదిలో కూర్చుని రెండు బేరాలూ పెట్టాం. యూరో లేస్తుందని అతని నమ్మకం. అందుకని యూరో కొన్నాం. డెమో నా ఫోన్‌లో, అసలు ఖాతా అతని ఫోన్‌లో. రెండింటికీ గోడ ఒకే ధర దగ్గర. అసలు ఖాతాలో పెట్టిన మొత్తం ఒక పొట్టేలు ఖరీదు కన్నా తక్కువ. కానీ యాప్ దాని మీద ఎన్నో రెట్లు అప్పిచ్చి ఆడిస్తుంది కాబట్టి, పెట్టినదానికన్నా ఎక్కువ కూడా పోవచ్చు. ఆ పని చేస్తున్నంతసేపూ ఎర్మెక్ తన ఫోన్‌ను నాకు పూర్తిగా కనపడనివ్వలేదు. చేతులు చెమటపట్టాయన్నాడు. నేను దాన్ని ఉత్సాహంగా లెక్కవేసుకున్నాను.

వాకిట్లో బాణలి దగ్గర పెత్తనమంతా షాయిర్‌గుల్‌ది. వీధి మొత్తం ఆమెను ఏజె, అంటే అక్క, అంటుంది. ఆమెకన్నా పెద్దవాణ్ణి కాబట్టి నేను పేరుపెట్టే పిలుస్తాను.

"ముగాలిమ్, దూరంగా నిలబడు!" అంది ఈ పాత పంతుల్ని చూడగానే. "దేవుణ్ణి నమ్మనివాడి నీడ పడితే అడుగంటుతుంది."

"అడుగంటేది మంట ఎక్కువైతే, షాయిర్‌గుల్."

"ఆ మంట వేసింది నువ్వే కదూ పొద్దున?"

ఆడవాళ్ళందరూ పగలబడి నవ్వారు. కాదనడానికి లేదు, పొద్దున కట్టెలు పేర్చి అంటించింది నేనే.

అయిదు దాటాక చొల్పొన్ మందుల దుకాణం నుంచి వచ్చింది. కోటు కూడా విప్పకుండా నేరుగా షాయిర్‌గుల్ దగ్గరికి వెళ్ళి, చెవిలో ఏదో చెప్పి, తలకు గుడ్డ కట్టుకుంది. కాసేపటికి షాయిర్‌గుల్ కేకేసింది.

"ఎర్మెక్! రావయ్యా పెద్దమనిషీ! పొద్దుట్నుంచి ఆడవాళ్ళ భుజాలు ఊడిపోతున్నాయి. అల్లుళ్ళు ఫోన్లు నొక్కుకోడానికేనా ఉన్నది?"

"ఒక్క పావుగంట పడతాను, ఏజె. తర్వాత నాకు పనుంది."

"పట్టు ముందు."

అతను చొక్కా చేతులు మడిచి తెడ్డు అందుకున్నాడు. చొక్కా జేబులో ఉన్న ఫోన్‌ను చొల్పొన్ తీసి, "వంగితే అందులో పడుతుంది," అంటూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

పావుగంట గడిచింది. ఎర్మెక్ తలెత్తి చూశాడు. ఎవరూ రాలేదు. పక్కింటి కుర్రాడొకడు ముందుకు రాబోతే, నీళ్ళు తెమ్మని షాయిర్‌గుల్ వాడికి బిందె అంటగట్టింది. తర్వాత వచ్చినావిడను కట్టెలకు పంపింది.

"ఏజె, ఎవరినైనా పట్టుకోమనండి."

"ఉండు. ఇప్పుడే చిక్కబడుతోంది. ఈ వేళప్పుడే మగాడి భుజం కావాలి."

"ఏజె, నాకు నిజంగా పనుంది."

"ఎవరి పెళ్ళికి?"

ఆరు దాటింది. అతని ముఖం నుంచి చెమట కారుతోంది. ఆవిరి వల్ల అనుకున్నాను. జాలేసి, "ఇటివ్వు, నేను పడతాను," అన్నాను.

షాయిర్‌గుల్ నాకూ బాణలికీ మధ్య వచ్చి నిలబడింది. "నువ్వా! నలభై ఇళ్ళ గోధుమలు, ముగాలిమ్. నీ సిద్ధాంతాలు ఇంకో చోట పరీక్షించుకో."

నేను వెనక్కి తగ్గి, అరుగు మీద కూర్చుని, పరీక్షకు వేళవుతోందని రెండు ఫోన్లూ ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళజోడు సర్దుకుని ఎర్మెక్ ఫోన్ తెరిచాను.

ఖాతాలో ఉన్నది పొట్టేలు ఖరీదు కాదు. దూలాలు, రేకులు, మేకులు, వడ్రంగి కూలి, అన్నీ ఉన్నాయి అందులో. ఆ మొత్తం నాకు కంఠతా వచ్చు. చలికాలమంతా ఆ లెక్క వేసింది నేనే. కింద ఇంకో బేరం సిద్ధంగా రాసి ఉంది. అదే యూరో, అదే గోడ, మొత్తం డబ్బుతో. నొక్కడమే మిగిలింది.

తల ఎత్తాను. ఎర్మెక్ నన్నే చూస్తున్నాడు. వెంటనే చూపు బాణలిలోకి దించుకున్నాడు. తెడ్డు తిరుగుతూనే ఉంది. కాసేపటికి, మెల్లగా, ఎవరికీ వినపడకుండా అనబోయి అందరికీ వినపడేలా అన్నాడు:

"ఆతా. ఆ ఫోన్ కొంచెం ఇటు తీసుకురండి. నా ముందు పట్టుకోండి చాలు. ఒక్క వేలు."

"ఏం నొక్కాలి?"

"మీకు తెలీదు. నేను నొక్కుతాను. ఒక్క నిమిషం పని, ఆతా. ఇలాంటి రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో."

"ఇక్కడ ఏముందో నాకు కనపడటం లేదు," అన్నాను. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను."

కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది. ఎర్మెక్ దాన్ని చూశాడు. చొల్పొన్ కూడా చూసింది. అతను బాణలి మీదికి వంగి, అడుగు నుంచి పైకి, అడుగు నుంచి పైకి తిప్పడం మొదలుపెట్టాడు.

ఆరున్నర అయింది.

ముందు ఏమీ జరగలేదు. తర్వాత రెండు ఫోన్లలోనూ యూరో కడ్డీ ఒక్కసారిగా కిందికి సాగింది. నా ఫోన్‌లో చిన్న గంట మోగింది: బేరం ముగిసింది, సరిగ్గా గోడ పెట్టిన ధర దగ్గర. ఎర్మెక్ ఫోన్‌లో గంట మోగలేదు. తెర మధ్యలో చిన్న చక్రం తిరగసాగింది. ధర గోడను దాటింది. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య రోజూ గోరంత ఉండే ఎడం జానెడు అయింది. 'మూసివేయి' అన్న చోట నేనే నొక్కాను. ధర మారింది, మళ్ళీ ప్రయత్నించండి అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. అదే జవాబు. మూడోసారి తెర మొత్తం తెల్లబడి, తిరిగి వచ్చేసరికి బేరం దానంతట అదే మూసుకుని ఉంది. ఎక్కడ మూసుకుందో రెండుసార్లు చదివాను. కొన్న ధర నుంచి కొలిస్తే, మేము పోతుందనుకున్న దూరానికి అయిదింతలు కింద.

లేచి బాణలి దగ్గరికి వెళ్ళాను. ఈసారి షాయిర్‌గుల్ అడ్డుకోలేదు.

"డెమో గోడ దగ్గర ఆగింది," అన్నాను. "అసలుది ఆగలేదు. అయిదు రెట్లు పోయింది."

తెడ్డు ఒక్క చుట్టు నెమ్మదించింది. "ఆపకు!" అని షాయిర్‌గుల్ గద్దించింది. మళ్ళీ తిరిగింది.

"మొత్తం పెట్టి ఉంటే?" అన్నాడు ఎర్మెక్, నా వైపు చూడకుండా.

"తలుపు గొళ్ళేలకి సరిపోయేదేమో."

అతను ఏడుస్తున్నాడా నవ్వుతున్నాడా అన్నది ఆ ఆవిరిలో స్పష్టంగా తెలియలేదు. భుజాలు మాత్రం కదిలాయి.

"ఏడిస్తే అవతలికి తిరిగి ఏడు," అంది షాయిర్‌గుల్. "ఉప్పెక్కుతుంది. ఇది తియ్యటి వంట."

అప్పుడే ఎర్మెక్ ఫోన్ మోగింది. తెమిర్లాన్.

"ఎర్మెక్! లోపలున్నావా, బయటున్నావా?" అరుస్తున్నాడు.

"నేను అతని మామని."

"ఆగయ్..." బడిలో పంతుల్ని పిలిచినట్టు పిలుస్తూ గొంతు తగ్గించాడు. "ఎర్మెక్ బేరంలో ఉన్నాడా?"

"సుమోలోక్ కలుపుతున్నాడు."

"నావి మూసుకోవట్లేదు ఆగయ్. నొక్కుతున్నా, నొక్కుతున్నా మూసుకోవట్లేదు," అని ఫోన్ పెట్టేశాడు.

నేను ఫోన్‌ను జేబులో వేసుకుని తిరిగి చూసేసరికి బాణలి దగ్గర నలుగురు వరసలో నిలబడి ఉన్నారు, తెడ్డు అందుకోవడానికి. షాయిర్‌గుల్ మొదటివాడికి సైగ చేసింది. ఎర్మెక్ ఇవ్వలేదు.

"ఇంకాసేపు నేనే పడతాను, ఏజె," అన్నాడు.

*

ఆ రాత్రే డబ్బు వెనక్కి అడిగాం. లోపలికి వెళ్ళడానికి దానికి ఒక నిమిషం పట్టింది; బయటికి రావడానికి వారం దాటింది. పాస్‌పోర్టు ఫొటో అడిగారు. పంపితే మసకగా ఉందన్నారు. మళ్ళీ పంపాం. మీ అభ్యర్థన పరిశీలనలో ఉందని రోజూ ఒకే వాక్యం వచ్చేది. ఎర్మెక్ తిండి తగ్గించాడు. చొల్పొన్‌కు ఏం చెప్పాలో తెలియక, ఆమె దుకాణానికి వెళ్ళాక ఇల్లు ఊడ్చేవాడు, ఆమె వచ్చేలోగా మళ్ళీ ఊడ్చేవాడు. నేనూ చెప్పలేదు. చెప్పవలసింది అతను.

ఒక ఉదయం మేం ముగ్గురం టీ దగ్గర ఉండగా చొల్పొన్ ఫోన్ టింగుమంది. చదివి, దాన్ని బల్ల మీద ఎర్మెక్ వైపు తిప్పింది. పొట్టేలుకన్నా కొంచెం ఎక్కువ తప్ప, మొత్తం తిరిగి వచ్చేసింది.

ఎర్మెక్ రెండు అరచేతులూ ముఖం మీదికి తెచ్చుకుని కిందికి దువ్వుకున్నాడు. భోజనం ముగిసినప్పుడు పెద్దలు దీవించేటప్పుడు చేసినట్టు. తర్వాత, "చొల్పొన్, నీకొకటి చెప్పాలి," అన్నాడు.

"ఈ ఫోన్ డబ్బు వచ్చినా ఇలాగే మోగుతుంది," అంది ఆమె. "పోయినా ఇలాగే మోగుతుంది."

ఎర్మెక్ ఆ ఫోన్ వైపు చూశాడు. "ఆ రోజు కూడానా?"

"మధ్యాహ్నం. ఒక ముసలావిడకి కంటిచుక్కలు ఇస్తున్నాను. సీసా జారింది చేతిలోంచి."

"మరి ఒక్క మాటా అనలేదే?"

"అంటే ఏం చేసేవాడివి? ఆరున్నర దాకా నాకు గోడ గురించి చెప్పేవాడివి. చెబుతూ చెబుతూ నొక్కేవాడివి." ఆమె రొట్టె విరిచి అతని ముందు పెట్టింది. "ఏజె దగ్గరికి వెళ్ళాను. ఆరున్నర దాటేదాకా మా ఆయన చేతిలోంచి తెడ్డు ఎవరినీ తీసుకోనివ్వకు అన్నాను. ఎందుకని కూడా అడగలేదు."

ఎర్మెక్ రొట్టె తీసుకున్నాడు. కొంతసేపటికి నవ్వు మొదలైంది. ముందు అతనికి, తర్వాత ఆమెకు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం అదే.

"మరి ఈయన కళ్ళజోడు?" అన్నాడు నవ్వు మధ్య. "అదీ నువ్వు చెప్పిందేనా?"

"లేదు. అది ఆయన సొంతం."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాను.

ఏప్రిల్ చివరి ఆదివారం వీధివాళ్ళంతా అషార్‌కు వచ్చారు. కూలి తీసుకోకుండా ఇంటికి చెయ్యి వెయ్యడం ఇక్కడ మామూలే. షాయిర్‌గుల్ బూర్సోక్ పిండి ఉండలు వేయించి తెచ్చింది. తెమిర్లాన్ కారు అమ్మేశాడు. మార్ష్రుత్కా వ్యానులో వచ్చి, సాయంత్రం దాకా రేకులు పైకి అందించాడు.

డెమో ఖాతాలో బేరం నిర్ణయించిన ధర దగ్గర మూసుకుంది. అసలు ఖాతాలో బేరం దానికి అయిదింతల దూరాన మూసుకుంది. పైకప్పు ఆ ఆదివారం సూర్యుడు దిగేలోగా పూర్తయింది.